ఆవిరి బావి చుట్టూ కంచె

భూగర్భ ఆవిరి విద్యుత్ పథకం జిల్లా అధికారి గారి సముఖమునకు, అఫార్ ఎడారిలో గరబోలి కొండ దిగువన మేకలు కాచుకొను కదాఫో హుమెద్ వ్రాయించుకొనిన అర్జీ.

అయ్యా,

విషయం: మేము త్రాగు బావి చుట్టూ తమరు కంచె వేయించుట, రోజుకొక గంట గేటు తెరిపించ కోరుట గురించి.

1. "సదరు స్థలమున బావి ఏదియు లేదు" అని తమ కార్యాలయము వారు లిఖితపూర్వకముగా సెలవిచ్చియున్నారు. తమరు ఎరిగిన తీరు బావి లేని మాట నిజమే. నేలలోంచి ఆవిరి చిమ్మే బీట మీద మా తాతలు రాళ్ళు పేర్చి, కొమ్మలూ చాపలూ కప్పారు. ఆవిరి ఆ రాళ్ళకు తగిలి చల్లారి, చుక్కచుక్కగా అడుగున గుంటలోకి దిగుతుంది. తెల్లారేసరికి ఎనిమిది ఇళ్ళకు తాగునీరు. నదికి పోవాలంటే ఒక పగలంతా నడక. వేసవిలో పసిపిల్లలకూ ఈనిన మేకలకూ ఆ గుంటే దిక్కు.

2. ఆ చోటు తమవారికి చూపించిన బుద్ధిమంతుడను నేనే. రెండేళ్ళ క్రితం ఇంజనీరు మెకురియా గారు జీపులో వచ్చిరి. మాలో డాగు అని ఒక కట్టుబాటు ఉంది. దారిలో మనిషి ఎదురైతే ఆగి, కూర్చుని, చూసిందీ విన్నదీ దాచకుండా చెప్పాలి. అవతలివాడూ తన కబురు చెప్పాలి. దాచినా అబద్ధమాడినా పెద్దలు జరిమానా వేస్తారు. నేను ఒంటె పాలు పోసి, ఏ బీట ఎంత వేడి, ఏ నెలలో ఎంత చిమ్ముతుందో గంటసేపు చెప్పాను. ఆయన అంతా రాసుకున్నారు. ఆయన వంతు వచ్చేసరికి విశేషాలేమీ లేవు, ఊరికే చూసిపోదామని వచ్చామన్నారు. మూడు నెలలకు కంచె వచ్చింది. నా భార్య దహరా అప్పటినుంచీ ఒకటే మాట అంటోంది: "మన గొంతు ఎక్కడుందో మనమే చూపించి మరీ నొక్కించుకున్నాం కదయ్యా. ఆ పెద్దమనిషికి ఇంకో గిన్నెడు పాలు పోయకపోయావా?"

3. దేశమంతటికీ కరెంటు ఆనకట్టల నుంచేననీ, వానలు మొహం చాటేసినందున పట్నాలు చీకటైపోతున్నాయనీ, అందుకే నేలలోని వేడితో కరెంటు తీస్తున్నామనీ ఇంజనీరు గారు తర్వాత వివరించిరి. మంచిదే. వాన లేని కష్టం ఎలా ఉంటుందో మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ నీళ్ళు లేక ఆరిపోయిన దీపాలను మా నోటి దగ్గర నీళ్ళు లాక్కుని వెలిగించుట ఏమి న్యాయమో తెలియకున్నది.

4. నీటి శాఖకు వెళ్ళగా, "మీ బీటలో వచ్చునది ఆవిరి, మా పరిధి కాదు" అనిరి. తమ కార్యాలయమునకు రాగా, "మీరు కోరునది నీరు, ఆ శాఖకు పొండు" అనిరి. ఏడుసార్లు తిరిగితిని. ఎనిమిదోసారి ఒళ్ళు మండి తమ గుమస్తాను అడిగాను: "బాబూ, పైకి లేచేటప్పుడు మీది, కింద పడేటప్పుడు వాళ్ళది. రాళ్ళకు అంటుకుని ఉన్నంతసేపు ఎవరిదో చెప్పు. అప్పుడొచ్చి నాకిపోతాం." ఆయన నవ్వకుండా, ఆ సంగతి అర్జీలో పెట్టమన్నారు. పెట్టడమైనది.

5. బావికి బదులుగా ఇంటింటికీ కరెంటు మీటరు బిగించెదమని తమరు దయతో హామీ ఇచ్చియున్నారు. మా ఇల్లు చాపలూ కర్రలూ. మేత గడ్డి అయిపోగానే ఇల్లే ఒంటె మీదికెక్కుతుంది. మీటరు చూసి రాసుకునే ఉద్యోగి ఆ ఒంటె వెంట నడవగలడా అన్నది తమరే విచారించవలెను.

6. ఈ వేసవిలో పదకొండు మేకలు చచ్చాయి. నా మనవరాలికి పెదాలు పగిలి, గిన్నె ఆనిస్తే ఏడుస్తోంది. ఇది అర్జీలో రాయదగిన మాట కాదేమో నాకు తెలియదు.

కావున, ఆవిరి ఏ శాఖకు చెందునో తేలులోపల, ప్రతిదినము తెల్లవారిన పిమ్మట ఒక్క గంట గేటు తెరిపించి, గుంటలో చేరిన నీరు తోడుకొననిచ్చుటకు ఉత్తరువులు దయచేయ ప్రార్థన. తోడుకున్నాక గేటు మేమే మూసి వెళ్ళెదము. చిత్తగించవలెను, తొందరగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కదాఫో హుమెద్ (వేలిముద్ర)

తాజా కలం: ఈ కింది మాట వద్దని అర్జీ రాసిపెడుతున్న బడి పంతులు మొత్తుకుంటున్నారు. రాయమని నేనే పట్టుబట్టాను. పోయిన వారం మెకురియా గారు మళ్ళీ వచ్చి, కొండకవతల ఇంకో బీట ఏమన్నా ఉందా అని అడిగారు. లేదన్నాను. డాగులో అబద్ధం చెప్పడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. అప్పటినుంచీ నాకు తిండి సయించడం లేదు. ఉందయ్యా. ఎండిన వాగు దాటాక, నల్లరాళ్ళ మధ్య ఉంది. సన్నగా వస్తుంది, మనిషికో గుక్కెడు. ఇప్పుడు మేం బతుకుతున్నది దాని మీదే. మీవాళ్ళు అక్కడికి కంచె తీసుకొస్తే పొద్దున్నే రావద్దని చెప్పండి. ఆ వేళకు పిల్లలు తాగుతుంటారు. తాగనిచ్చి వేయించండి.