జీరో టర్న్ బండి కొనడం లేదక్కా

హెస్టర్ అక్కకు,

అందరం బాగానే ఉన్నాం. నీ మరిది డెల్మర్ మళ్లీ వేళకు తింటున్నారు.

ఈ ఏడాది చర్చి శ్మశానంలో గడ్డి కోసే వంతు మాది. ధర ఎక్కువైనా, ఉన్నచోటే గుండ్రంగా తిరిగే జీరో టర్న్ బండే కొనమని, ఆయన మోకాళ్ల సంగతి చూడమని రాశావు. లెక్క ప్రకారం నువ్వు చెప్పిందే సరి. శనివారం బండ్లమ్మే దుకాణం నుంచి రస్టీ ఒకటి తెచ్చి నడిపి చూడమన్నాడు. మా కర్టిస్ సమాధి రాయి చుట్టూ ఈయన ఒక్కసారి గిరుక్కున తిరిగారు. గడ్డిపోచ మిగల్లేదు.

"చూశావా మామా! పాత బండైతే రాయికి జానెడు దూరంలోనే ఆగేది. ఇక మోకాళ్ల మీద కూర్చుని కత్తెర పట్టే పనే లేదు. గంట మిగిలిందిపో!" అన్నాడు రస్టీ.

"మిగిలితే ఏం చేసుకోనురా? ఇంకే వంకతో కూర్చోను నా కొడుకు దగ్గర?" అన్నారు ఈయన.

రస్టీ టోపీ తీసి, బండిని ట్రైలర్ ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

పాత బండికే కొత్త బ్లేడు వేయించాను. నీ నడుం నొప్పి తగ్గిందా? జాం సీసాలు ఖాళీవి పారేయకు. నాన్న సానరాయి నీ దగ్గరుంటే పంపు, కత్తెర మొద్దుబారింది.

నీ పిల్లల్ని దేవుడు చల్లగా చూడాలి.

నీ చెల్లెలు,
వీడా