స్పాంజీల చుట్టూ వల

ప్రియమైన డ్రైవరుగారికి,
క్షేమంగా చేరాను. నా పని విని నవ్వకండి. సముద్రంలో తాళ్లకు వేలాడదీసి పెంచే స్పాంజీలను కనిపెట్టుకుని ఉండాలి. ఒళ్లు రుద్దుకోవడానికి కొంటారే, అవే. మొక్కలనుకున్నాను, జంతువులట! కదలవు, నోరు లేదు. ఒంటినిండా ఉన్న సన్నటి రంధ్రాలతో నీళ్లు లాగి, అందులోని కంటికి కనపడని జీవుల్ని తిని, ఆ నీళ్లను పైనున్న పెద్ద రంధ్రంలోంచి వదిలేస్తాయి. రాత్రనక పగలనక అదే భోజనం. వాటిని తినడానికేమో ఒక తాబేలు వస్తోంది. స్పాంజీలు ఒంట్లో చేదు విషం పెట్టుకున్నా దానికి లెక్కలేదు. యజమాని చుట్టూ వల కట్టమన్నారు. రేపే కడతాను.
మీ నీటిపిల్లి

ప్రియమైన నీటిపిల్లికి,
ఉత్తరం రాసి ఎన్నాళ్లయింది? నిన్న నీ ధ్యాసలో పడి స్టాపులో బస్సు ఆపలేదు. "బాబూ, నేను దిగాల్సింది మీ ఇంట్లో కాదు" అన్నాడొక పెద్దాయన. బస్సంతా నవ్వింది. నాకే నవ్వు రాలేదు. నీళ్లలోకి ఒక్కదానివే దిగుతున్నావా? ఆ వల నీ కాళ్లకే చుట్టుకుంటే? వచ్చెయ్. నా జీతం మనిద్దరికీ చాలదా?
నిద్రపట్టని నీ డ్రైవరు

ప్రియమైన మీకు,
జీతం మాటెత్తకండి, కోపమొస్తుంది. అసలే మనసు మనసులో లేదు. వల కట్టాక తాబేలు లోపలికి రాలేదు. అయినా స్పాంజీలు మెత్తబడి చేతిలో చితికిపోతున్నాయి. "నువ్వు సరిగా చూడట్లేదు" అంటున్నారు యజమాని. కూర్చుంటే లేవాలనిపిస్తోంది. లేచి నీళ్లలోకి దిగితే ఏం చెయ్యాలో తోచదు.
మీ నేను

ప్రియమైన నీకు,
సెలవు దొరికింది. నెలాఖరుకి వచ్చి నిన్ను తీసుకొచ్చేస్తాను. ఇంక మాట్లాడకు.
నీ డ్రైవరు

ప్రియమైన మొండి డ్రైవరుగారికి,
మీ ఉత్తరం చూసి, సరేలే, వచ్చేద్దాం అనుకున్నాను. చివరిసారి చూసొద్దామని దిగితే, తాబేలు వలలో చిక్కుకుని కొట్టుకుంటోంది. ఊపిరి కోసం పైకి రాలేకపోతోంది. ఎవర్నీ అడగలేదు, కత్తితో వల కోసేశాను. దగ్గరగా చూస్తే వల కన్నులన్నీ పాచితో మూసుకుపోయి ఉన్నాయి. లోపల నీళ్లే ఆడటంలేదు. స్పాంజీలు తాము వదిలిన నీళ్లనే మళ్లీ లాగుతున్నాయి, అందులో తిండేముంటుంది? తాబేలు తిన్నవి కొన్నే, ఆకలికి పోయినవే ఎక్కువ.
యజమాని గొంతు చించుకున్నారు. "వల లేకపోతే తాబేలు తినదా?"
"తింటుంది. అన్నీ తినదు" అన్నాను.
పాచి పట్టిన వల ముక్కను చేత్తో తడిమి చూసి, మిగతా వల కూడా విప్పించారు. బతికినవి గట్టిపడుతున్నాయి. నిన్న తాబేలొచ్చి ఒకదాన్ని కొరుక్కు తింది. పక్కనే ఉండి చూశాను, తరమలేదు.
మీరు తప్పకుండా రండి. నన్ను తీసుకెళ్లడానికైతే వద్దు. నాలుగు రోజులు ఉండి వెళ్లడానికైతే, ఒడ్డునే నిలబడి ఉంటాను.
మీ నీటిపిల్లి