మాట గడిలో టిక్కు

అమ్మాయికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఇది నా మాట కాదు, ఆసుపత్రి వాళ్లే లెక్కకట్టి చెప్పారు. మీ నాన్న బతుకు నూటికి ఎనభై రెండు వంతులు బాగుందట. క్యాన్సర్‌కు సగం నాలుక కోసేసి, ముంజేతి కండతో కొత్తది కుట్టిన మనిషికి ఎనభై రెండు. బడిలో కూడా ఆయనకు అన్ని మార్కులు వచ్చి ఉండవు.

ఎలా కొలిచారంటావేమో. నర్సు ఒక కాగితం ఇచ్చింది. గత వారం మీ రూపం మీకు ఎంత తృప్తినిచ్చింది, నలుగురిలో తినడానికి మొహమాటపడ్డారా, ఇలాంటివి అడిగి పక్కన గడులు గీశారు. పాలు గడ్డం మీదుగా కారతాయని మెడకు తువ్వాలు చుట్టుకునే మనిషిని అడగాల్సిన ప్రశ్నలా ఇవి? మీ నాన్న సగం చదివి కాగితం నా ఒళ్లో పడేశారు. “మీరు నింపినా పర్లేదండీ” అంది నర్సు. ఒకరి కడుపునొప్పి గురించి పక్కవాళ్లను అడిగి రాసుకోవడం, అదీ వీళ్ల శాస్త్రం.

మాట నేర్పే తరగతికి నాన్నను ఎందుకు పిలవలేదని పోయిన ఉత్తరంలో రెండుసార్లు అడిగావు. ఆ డాక్టరు నిర్వాకం చెబుతాను విను. మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే కన్నెత్తి చూడలేదు. కాగితం తిరగేసి, “మాటకి ఇబ్బంది లేదని పెట్టారుగా, ఇంక తరగతి దేనికి?” అన్నాడు.

ఆ టిక్కు పెట్టింది నేనే. పొరపాటున కాదు. మార్కెట్లో వేలంపాట పాడే మీ నాన్న గొంతు ఇంటికొచ్చినా దిగేది కాదని నీకు తెలుసు. కూరలో ఉప్పు తగ్గితే వీధి వీధంతా వినేది. ఆపరేషన్ అయిన ఈ ఎనిమిది నెలలుగా నన్ను ఒక్క మాట అన్నవాళ్లు లేరు. ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయి పోతుందనే పెట్టాను. డాక్టర్ని తిట్టే అర్హత నాకెక్కడిది.

మీ నాన్న ఇంటికొచ్చాక పలక మీద రాశారు: “అది తప్పని అక్కడే రాసి చూపించేవాణ్ణి. నీ మొహం చూసి ఆగిపోయా. ఇన్నాళ్లూ నేను అరిచింది చాల్లే.”

చదివి ఏడ్చాను. అయినా ఆయనకు మాట రావాలని ఇప్పటికీ మనసారా కోరుకోలేకపోతున్నాను తల్లీ.

వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. సెలవు పెట్టుకుని వచ్చి నాన్నను నువ్వే తీసుకెళ్లు. నేను వెంట వస్తానన్నా వద్దను. వస్తే మళ్లీ అదే పని చేస్తాను.

ఇట్లు,
మీ అమ్మ