అరంగుళం

వదినగారికి,

కుట్టుమిషను పక్కకి జరిపి మీ మరదలు రాస్తున్నది.

నా షాపుకి వచ్చిన ప్రతిసారీ మీరు టీ తాగుతూ నేను కుట్టినవన్నీ ఫోన్లో ఫోటోలు తీశారు. ఇల్లు చేరకముందే, బస్సులోంచే, "నా సొంత డిజైన్" అని మీ బ్లాగులో పెట్టేశారు. మూడేళ్ళు నోరు మూసుకున్నాను.

ఈసారి నా బల్ల మీదున్న, మీ సైజుకే సరిపోయే గౌను కొలతల కాగితాన్ని ఫోటో తీసి, మీరే కుట్టుకున్నారట. ఈ సాయంత్రం సభలో ఉత్తమ బ్లాగరు బహుమతి అది వేసుకునే అందుకుంటానని బ్లాగులో చాటారు కూడా. సంతోషం.

మా కాగితాల్లో కుట్టుకి వదలాల్సిన అరంగుళం ఉండదండీ. బట్ట కత్తిరించేటప్పుడు మేమే కలుపుకుంటాం. అడిగుంటే చెప్పేదాన్ని. గౌను బిగుతుగా ఉంటే మీరు ఒళ్ళొచ్చిందనుకుని సరిపెట్టుకుని ఉంటారు.

షాపు కుర్రాడి చేత పంపుతున్న ఈ ఉత్తరం అందేసరికి ఇంకోటి కుట్టుకునే టైము ఉండదు. చేతులు కిందికి ఉన్నంతసేపు భయం లేదు. బహుమతి పైకెత్తి చూపించారో, చంక దగ్గర పర్రుమంటుంది.

నేను ముందు వరుసలోనే కూర్చుంటాను. ఫోను నిండా ఛార్జింగ్ పెట్టుకున్నాను. ఇంటికొచ్చేదాకా ఆగను, బస్సులోంచే పెడతాను. కింద "మా వదిన సొంత డిజైన్" అని మర్చిపోకుండా రాస్తాను.

మీ మరదలు