పన్ను లేదు

అల్ సువైక్

అమ్మమ్మకు ఓంకార్ దండాలు.

నేను మంచిగున్న, మా లేబర్ క్యాంప్ రూమ్‌ల కడుపులే మంచిగ లేవు. మెస్‌కు పైసలు అందరం సమానంగ ఇస్తం. కూర మాత్రం భీమన్న ఒక్కడే ఖరారు చేస్తడు. వండేది ఆయనే గద! రోజూ సొరకాయ పప్పే. శుక్రవారం డ్యూటీ లేని నాడు సుత గదే. మటన్ అంటే, "రూమ్‌ల పెద్దోన్ని నేనా, నువ్వా?" అంటడు. నువ్వు బడిల చరిత్ర చెప్పినదానివి. గిసొంటి రాజును ఎట్ల దించాలె?

ఆకలిమీదున్న నీ మనుమడు

తా.క. ఫోన్‌ల మాట్లాడితే భీమన్న వింటడు. మీ బౌషర్ దాంక కూరగాయల బండి నడిపే జావెద్ భాయ్‌తోని ఉత్తరం పంపుతున్న.


బౌషర్

చిరంజీవి ఓంకార్‌ను అమ్మమ్మ రాజేశ్వరి దీవించి, మొట్టికాయ వేసి రాసేది:

చప్పటి పప్పు తినేవాడి ఉత్తరంలో ఇంత కారం ఎక్కడిదిరా? నీ కష్టం కొత్తదేమీ కాదు. అమెరికా ఒకప్పుడు ఇంగ్లండు రాజు కింద పదమూడు కాలనీలు. ఓడెక్కి వచ్చినవాళ్ళు కొందరు, ఊరు కట్టకముందే, మన కట్టుబాట్లు మనమే చేసుకుందామని సంతకాలు పెట్టుకున్నారు. చాలా కాలనీల్లో రాజు పెట్టిన గవర్నరూ ఉండేవాడు, జనం ఎన్నుకున్న సభా ఉండేది. గవర్నరు జీతం తరచుగా సభ చేతిలో ఉండేది కాబట్టి ఆయన నోరు కొంత అదుపులో ఉండేది. తర్వాత సముద్రం అవతలి పార్లమెంటు పన్ను వేసింది. మా మనిషి లేని సభకు మేమెందుకు కట్టాలని వీళ్ళు ఒకే మాట అన్నారు: "ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు." ఆ ముక్క గోడకు అంటించు.

ఆశీస్సులతో, అమ్మమ్మ

తా.క. ఈ ఇంట్లో వంట నాదే. సొరకాయ పప్పంటే మీ వాణి అత్తకు ప్రాణం. మీ మామ దగ్గరికి ఈ గల్ఫ్ వచ్చినప్పటి నుంచీ అదే పెడుతున్నా, కోడలు కిక్కురుమనలేదు.


అల్ సువైక్

అమ్మమ్మా, దండాలు తర్వాత. కొంప మునిగింది!

కాలనీలు అనంగనే మావోళ్ళు జగిత్యాల హౌసింగ్ బోర్డు కాలనీ అనుకున్నరు. "పదమూడు కాలనీలకు నల్లా ఒక్కటేనా?" అని గణపతి ఒకటే అడుగుడు. అది ఎట్లనో సమజ్ చేసిన. నీ ముక్క పెద్దగ రాసి వంటింట్ల అంటిపెట్టిన: "ప్రాతినిద్యం లేనిదే పన్ను లేదు." భీమన్నకు ఆ పెద్ద మాట నోరు తిరగలే. "పన్ను లేదు" అన్నదే కండ్లవడ్డది. "నా నోట్ల పన్ను లేదని మీకెవడు చెప్పిండ్రా!" అని లొల్లి. దవడ పండ్లు ఎప్పుడో ఊడినయట, ఎవ్వరికి తెల్వకుండ దాసుకుండట! ఇప్పుడు సంచి సదురుకుంటున్నడు, ఖబూరాల ఉన్న మా కంపెనీ ఇంకో సైట్‌కు పోతడట.

ఏం జెయ్యాల్నో తెల్వని ఓంకార్

తా.క. వంట గణపతి చేసిండు. సొరకాయ పప్పు యాదికొచ్చి ఏడుపొచ్చింది.


బౌషర్

విప్లవవీరుడు ఓంకార్‌కు,

ప్రాతినిధ్యంలో ఒత్తు ఏదిరా? ముందు వర్ణమాల, తర్వాత విప్లవం. దవడ పళ్ళు లేనివాడు మటన్ ముక్క ఎలా నములుతాడు? ఆ మాట చెప్పుకోలేక పెద్దరికం అడ్డం పెట్టుకున్నాడు పాపం. ఆ సంచి విప్పించు. రాజును కాదన్న అమెరికావాళ్ళు కూడా, మొదట పెట్టుకున్న ప్రభుత్వం సరిగ్గా నడవక, మళ్ళీ కూర్చుని రాజ్యాంగం రాసుకున్నారు. మీరూ కూర్చోండి. ఆయన్నీ కూర్చోబెట్టండి.

అమ్మమ్మ

తా.క. పళ్ళ సంగతి నాకెలా తెలుసంటావా? నా పళ్ళు రాత్రిళ్ళు గ్లాసులో పడుకుంటాయి.


అల్ సువైక్

అమ్మమ్మకు కడుపు నిండిన దండాలు.

సభ పెట్టినం. వంట పెద్దగ మళ్ళ భీమన్ననే ఎన్నుకున్నం, గణపతి వంట తిన్నోళ్ళు ఇంకొకలకు ఓటేస్తరా? శుక్రవారం మటన్, భీమన్నకు మెత్తటి కైమా. మిగిలిన రోజులు ఓటు. ఉప్పు సంగతి మాత్రం భీమన్న మాటే చట్టం. "గీ మాట మొదలే అడిగితే అయిపోతుండె గద బిడ్డా" అన్నడు.

నీ మనుమడు, మెస్ సభ్యుడు

తా.క. గోడ కాయితం పారేస్తుంటే జావెద్ భాయ్ అడిగి తీస్కపోయిండు. బౌషర్‌ల ఎవరికో కావాల్నట.


బౌషర్

సభ్యుడు ఓంకార్‌కు మాజీ రాణి రాజేశ్వరి రాసేది:

పొద్దున ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం కనిపించింది. "ప్రాతినిద్యం లేనిదే పన్ను లేదు." దస్తూరీ నీది, ఒత్తు లేదు. పక్కనే వాణి, చేతులు కట్టుకుని; నీ ఉత్తరాలు చదివి, జావెద్‌తో తనే తెప్పించిందట. "అత్తమ్మా, సొరకాయ తేవాలంటే ఇక ఓటు వేయాలి" అంది. మీ మామ అప్పటికే చెయ్యెత్తి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ పాఠం చెప్పాను గానీ, నేను ఏ ఒడ్డున కూర్చుని చెబుతున్నానో చూసుకోలేదు.

అమ్మమ్మ

తా.క. ఒత్తు నేనే పెట్టాను. గద్దె దిగినా తప్పు దిద్దకుండా ఉండలేను. ఆ మెత్తటి కైమా ఎలా వండుతారో భీమన్నగారిని అడిగి, వెంటనే రాయి.