దుంగ మాదే, మనిషి మావాడు కాదు

కోంట, మంగళవారం రాత్రి

శబరిలోకి టేకు దుంగలు దొర్లిస్తుంటే నాతో పనిచేసే సోమడి కాలు దుంగ కింద నలిగిపోయింది. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతామని కలప కంపెనీ పడవ అడిగాం.

"వాడు కూలీల్ని కుదిర్చిన ఠేకేదారు మనిషిరా. కంపెనీకేం సంబంధం?" అన్నాడు మేనేజరు.

"మరి దుంగ ఎవరిది దొరా?" అన్నాను.

"మాదే. ముద్ర కనపడటం లేదూ?"

కంపెనీవాళ్లు రాజావారి అడవి కౌలుకు తీసుకున్నారు. వరదలో కొట్టుకుపోయిన దుంగ ఏ ఊరి ఒడ్డున తేలినా ముద్ర చూపించి మాదేనంటారు. దాన్ని నరికి మోసినవాడు మాత్రం వీళ్లకు ఏమీ కాడు! థూ.

"కాలు ఉంటదా అన్నా?" అని సోమడి పెళ్లాం అడిగింది.

తెల్లారాక పడవ తాడు మేమే విప్పుకుందామనుకున్నాం. పని పోతే పోనీ. కానీ వాడి వేళ్లు అప్పుడే నల్లబడుతున్నాయి. తెల్లారేదాకా ఆగేదేంది? ఇప్పుడే పోతున్నా.