నాలుక చివరి తీర్పు

పన్నెండో తేదీ, గురువారం
సబ్బుల షెడ్డు నుంచి, పొద్దున్నే

చిరంజీవి తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాసేది. దేవుడి చల్లని చూపు వల్ల ఇక్కడ బాగున్నాం. నువ్వూ, మరదలూ, పిల్లలూ అలాగే ఉండాలని రోజూ పొయ్యి వెలిగించేముందు దణ్ణం పెట్టుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. అక్క తప్పుకోగానే పొయ్యి ఆర్పేద్దాం, సబ్బు రుచి చూసేవాళ్లు మన రక్తంలో ఇంకెవరూ లేరు కదా అన్నావు. షెడ్డు కొనేవాళ్లు నెలాఖరుకి సంతకాలకు వస్తున్నారనీ రాశావు. నీది డబ్బు మీద ఆశ కాదు, భయం అని నాకు తెలుసు. తోలు ఊడదీసే సబ్బు ఒక్కటి బయటికి వెళ్లినా మూడు తరాల పేరు పోతుందని.

ఆ పేరు ఊరికే రాలేదు. నానమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే వంటింటి వెనక మొదటి సబ్బు కాగు ఎక్కించింది. నూనె, బూడిద వడకట్టిన ఘాటు నీళ్లు, అంతే. ముద్ద గట్టిపడలేదు. వాళ్ల మామగారు చూసి, గోడకి కాగితాలు అంటించుకోవడానికి పనికొస్తుందిలే అమ్మా అన్నారట. మీరు నవ్వడం ఆపితే గాలి తగిలి ఆరుతుంది మామగారూ అందట. తొమ్మిదోసారికి కుదిరింది. ఉడికిన ముద్ద చల్లార్చి నాలుక చివర పెట్టుకుంటే చురుక్కుమనకూడదు. చురుక్కుమందంటే ఘాటు మిగిలినట్టే. ఆవిడ నేర్పిన పరీక్ష అదొక్కటే.

నాన్న సంగతి నీకు గుర్తుండదు, పసివాడివి. ఒకసారి సబ్బు ముక్కలు కోసి ముద్రలు కూడా వేశారు, సరుకు తీసుకెళ్లే బండి గుమ్మంలో ఉంది. ఎందుకో అనుమానమొచ్చి ఒకటి మళ్లీ నాలుకకు తాకించుకుని, మొత్తం తిరిగి కాగులో వెయ్యమన్నారు. బండివాడు నెత్తి బాదుకున్నాడు. పోయిన బేరం రేపొస్తుందిరా, ఊడిన తోలు వస్తుందా అన్నారు నాన్న. నేను ప్రార్థనలో ఉన్నట్టు నిలబడిపోయాను.

మీ అన్న ఉన్నన్నాళ్లూ అరల మీది సబ్బుల్ని, అవి ఆరే నలభై రోజులూ, చంటిపిల్లల్ని పక్క మార్చినట్టు తిప్పేవాడు. వాడు పోయాక ఆ పని మీ వదిన అందుకుంది. ఒక్కరోజు తప్పలేదు.

రెండేళ్లుగా సబ్బు నాన్న నాటికంటే బాగుందనీ, అక్క నాలుకంటే అక్క నాలుకేననీ రాస్తున్నావు. చదివి ఊరుకున్నాను.

సంతకాలకు ముందు ఒకసారి రా. ఆదివారం కాగు ఎక్కిస్తున్నాం.

ఎప్పుడూ నీ మేలు కోరే
అక్క

తా.క. ఇంకా దాచడం పాపం. రెండేళ్ల కిందటి జ్వరంతో నా నాలుక మొద్దుబారిపోయింది. ఉప్పూ పంచదారా నాకు ఒకటే. ఎవరికీ చెప్పలేదు. ఆ నెలే, నేను సరేనన్న ముద్దని మీ వదిన నాలుకకు తాకించుకుని, పెద్దాడపడుచుగారూ, ఇది మురికిని కాదు, చర్మాన్నే వదిలిస్తుంది అంది నవ్వుతూ. నా ముఖం చూసి నవ్వాపేసింది. అప్పట్నుంచి ప్రతి కాగూ ముందు ఆమే చూస్తోంది. తర్వాత నేను పనివాళ్ల ఎదుట తల ఊపుతున్నాను. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. పొయ్యి ఆరితే ఆరనీ, నా మాట పడిపోకూడదట. ఒట్టు తప్పినందుకు దేవుడికి క్షమాపణ చెప్పుకుని రాస్తున్నాను. నువ్వు మెచ్చిన సబ్బంతా ఆమెది. ఆదివారం అందరి ముందూ రుచి చూసేది ఆమే. నేను కాగుకి ఇవతల, నీ పక్కన నిలబడతాను.